ఎర్లీ ఓటింగ్ రోజులు తగ్గిస్తే కౌంటీకి నిజంగా డబ్బు మిగులుతుందా?

కొత్త ఓటరు, మోరిస్‌విల్:
అందరికీ నమస్కారం. సిటిజన్‌షిప్ వచ్చాక మేమిద్దరం 2024లో మొదటిసారి ఓటేశాం, అదీ ఎలక్షన్ రోజుకు ముందే ఓటేసే ఎర్లీ ఓటింగ్‌లోనే, శనివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి. మొన్న తెలిసినవాళ్ళింట్లో భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. ఒకాయన, నార్త్ కరోలినాలో 17 రోజులు ఓటింగ్ పెట్టడం దండగ, మన ప్రాపర్టీ టాక్స్ అంతా అక్కడికే పోతోంది, ఇండియాలో ఒక్క రోజులో ఊరంతా ఓటేయట్లేదా, వారం పెడితే చాలు అని గట్టిగా వాదించారు. రోజులు తగ్గితే ఖర్చు తగ్గాలి కదా అని నాకూ అనిపించింది. కానీ ఇక్కడ ఈ రూల్స్ ఇప్పటికే చాలాసార్లు మారాయట. మార్చినప్పుడల్లా అయ్యే ఖర్చు ఎవరు కడతారు? రాష్ట్ర రాజధాని రాలీలో చట్టం చేసేవాళ్ళా, జిల్లా లాంటి మన కౌంటీనా? పార్టీ గొడవలు వద్దండి, డబ్బు సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

కేరీ పాత కాపు:
కౌంటీనే కడుతుంది. చట్టం రాష్ట్రానిది, బిల్లు కౌంటీది. సైట్ల అద్దె, సిబ్బంది జీతాలు, బ్యాలెట్ల ముద్రణ, ఇవన్నీ కౌంటీ కమిషనర్లు ఆమోదించే బడ్జెట్‌లోంచే రావాలి, అంటే చాలావరకు మీ నా ప్రాపర్టీ టాక్సే. కాబట్టి డబ్బు గురించి అడగడంలో ఆయన తప్పేం లేదు, లెక్క దగ్గరే తేడా ఉంది.

2013లో చేసిన చట్టం చూడండి. 17 రోజుల్ని 10కి తగ్గించారు. కానీ అదే చట్టంలో ఇంకో షరతు ఉంది, మొత్తం గంటలు తగ్గకూడదని, అధ్యక్ష ఎన్నికలైతే 2012లో ఎన్ని గంటలు తెరిచారో అన్ని గంటలూ తెరవాలని. ఏడు రోజులు పోయి గంటలు అవే ఉంటే ఏం చేస్తారు? సైట్లు పెంచాలి, లేదా పొద్దుపోయేదాకా తెరిచి ఉంచాలి. సైట్ పెంచితే అద్దె, మెషీన్లు, మనుషులు అన్నీ పెరుగుతాయి. మిగిలిందేముంది?

పైగా అది కోర్టుకెక్కింది. 2016 జులై 29న రిచ్‌మండ్‌లోని ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, నల్లజాతి ఓటర్లను గురిపెట్టి చేశారని చాలా ఘాటుగా చెప్పింది. తీసేసిన ఆ వారంలో ఒక ఆదివారం కూడా పోయింది, చర్చి అయ్యాక అందరూ కలిసి ఓటేయడానికి వెళ్ళే రెండు ఆదివారాల్లో ఒకటి. అన్నేళ్ళు రాష్ట్రం తరఫున వాదించిన లాయర్ల ఫీజు ప్రజల సొమ్మే. ఇలాంటి కేసుల్లో ప్రభుత్వం ఓడితే గెలిచినవాళ్ళ లాయర్ల ఫీజు కూడా దాని నెత్తినే పడొచ్చు.

ఇంకోటి, తేదీలు గమనించండి. ఇక్కడ కౌంటీల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. తీర్పు జులై 29న. బడ్జెట్లు అప్పటికే అయిపోయాయి. ఓటింగ్ అక్టోబర్ 20న మొదలవ్వాలి. రాష్ట్రంలోని 100 కౌంటీలూ మళ్ళీ 17 రోజులకు ప్లాన్లు వేసుకున్నాయి. గ్రీన్స్‌బరో ఉన్న గిల్ఫర్డ్ కౌంటీలో 2012లో మొదటి వారం 16 సైట్లు తెరిస్తే, 2016లో మొదటి వారం ఒక్కటే తెరిచారు. రోజులు కాగితం మీద తిరిగొచ్చాయి, జనం మాత్రం లైన్లో నిలబడ్డారు.

సైట్‌లో పనిచేసేదాన్ని:
నేను ఎర్లీ ఓటింగ్ సైట్‌లో పనిచేస్తుంటానండి, కాబట్టి లోపలి సంగతి చెప్తాను. ఎలక్షన్ రోజున ప్రతి పోలింగ్ కేంద్రానికీ దాని ఓటర్లే వస్తారు. ఎర్లీ ఓటింగ్‌లో అలా కాదు, కౌంటీలో ఎక్కడివాళ్ళు ఏ సైట్‌కైనా రావచ్చు, అంటే కౌంటీలో ఉన్న ప్రతి రకం బ్యాలెట్ ప్రతి సైట్‌లోనూ దొరకాలి. ఓటరుగా నమోదు కానివాళ్ళు అక్కడే నమోదై ఓటేయవచ్చు, దానికి వేరే డెస్కు, వేరే కాగితాలు. కారు దిగలేని పెద్దవాళ్ళ దగ్గరికి మేమే వెళ్ళాలి. రాత్రి తలుపులు మూశాక ఎంతమంది వచ్చారు, ఎన్ని బ్యాలెట్లు పోయాయి, లెక్క కుదిరేదాకా ఇంటికి పోము.

రూల్ మారిందంటే ఇవన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. ట్రైనింగ్ పుస్తకాలు మళ్ళీ ముద్రించాలి, మళ్ళీ నేర్పాలి, ఆ గంటలకూ జీతం ఇవ్వాలి. లైబ్రరీతోనో కమ్యూనిటీ సెంటర్‌తోనో మాట్లాడుకున్న తేదీలు మారతాయి, వాళ్ళు అప్పటికే ఆ హాలు ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. మారిన సంగతి ఓటర్లకు చేరాలంటే పోస్టు, ప్రకటనలు. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుగా కనపడదు, అందుకే చట్టం చేసేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాకు బాధ కలిగేది అక్కడే.

షార్లెట్ నుంచి:
నేను కొంచెం వేరేగా అంటాను. అసలు మార్చకూడదంటే ఎలా? టిరెల్ కౌంటీలో 2020 జనాభా లెక్కల ప్రకారం మొత్తం 3,245 మంది. కేరీ, మోరిస్‌విల్ ఉన్న మీ వేక్ కౌంటీలో 11 లక్షలు దాటారు. చిన్న కౌంటీల్లో సైట్ తెరిచి గంటల తరబడి ఖాళీగా కూర్చోవడానికి జీతాలివ్వడం న్యాయమా? అక్కడ తగ్గించుకోనివ్వాలి.

కేరీ పాత కాపు:
బ్రదర్, మీరన్నది నిజమే, చిన్న కౌంటీలకు అది పెద్ద భారమే. కానీ 2018లో దానికి సరిగ్గా ఎదురు చేశారు. తెరిచిన ప్రతి సైటూ పనిరోజుల్లో పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా ఉండాల్సిందేనని జూన్‌లో చట్టం తెచ్చారు, వేక్‌కీ టిరెల్‌కీ ఒకటే రూలు. అంతకుముందు సాయంత్రం పూట మాత్రమే ఒక సైట్ తెరిచి ఖర్చు ఆదా చేసుకునే కౌంటీలకు ఆ దారి మూసుకుపోయింది. పన్నెండు గంటలకు జీతాలిచ్చే స్తోమత లేక చాలా కౌంటీలు సైట్లే తగ్గించేశాయి. గంటలు పెరిగాయి, ఓటరుకు దూరం పెరిగింది. ఎలక్షన్‌కు ముందు వచ్చే చివరి శనివారం ఓటింగ్ తీసేశారు, గొడవైతే ఆ ఏడాదికి మాత్రం తిరిగి పెట్టారు, 2019లో మళ్ళీ మార్చి శాశ్వతం చేశారు, గంటలు కూడా 8 నుంచి 7:30 దాకా అయ్యాయి. జూన్‌లో చట్టమొస్తే ఆ బడ్జెట్‌లో ఎలా ఇరికిస్తారు?

రూల్ మార్చేవాళ్ళు దానితోపాటు డబ్బు కూడా పంపాలి, ఎలక్షన్ ఏడాది వేసవిలో మార్చకూడదు. నేను అడిగేది ఈ రెండే. 2024లో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు రాష్ట్రం ఎలక్షన్ బోర్డుకు 50 లక్షల డాలర్లు ఇచ్చింది, అంటే తలుచుకుంటే ఇవ్వగలరు.

సైట్‌లో పనిచేసేదాన్ని:
ఆ ఏడాది 42 లక్షల మందికి పైగా ఎర్లీ ఓటింగ్‌లోనే ఓటేశారు. ఈ జనాన్నంతా వారంలోనో ఒక్క రోజులోనో కుదించాలంటే ఆ రోజుకి ఎన్ని కేంద్రాలు, ఎంతమంది మనుషులు కావాలో భోజనాల దగ్గర అన్న ఆయన్ని ఒకసారి అడగండి. ఇండియాలో ఒక్క రోజులో అవుతుందంటే, టీచర్లనీ ప్రభుత్వ ఉద్యోగుల్నీ డ్యూటీ వేసి పంపుతారు, ఆ రోజు సెలవు ఇస్తారు. ఇక్కడ ఎలక్షన్ మంగళవారం, మామూలు ఆఫీసు రోజు.

కొత్త ఓటరు, మోరిస్‌విల్:
చాలా థాంక్సండీ అందరికీ. సైట్లు ఎక్కడ పెట్టాలో ఎవరు తేలుస్తారు, మనలాంటివాళ్ళు వెళ్ళి మాట్లాడొచ్చా?

సైట్‌లో పనిచేసేదాన్ని:
కౌంటీ ఎలక్షన్ బోర్డులో అయిదుగురు ఉంటారు, వాళ్ళు ఓటేసి ప్లాన్ పాస్ చేస్తారు. అయిదుగురూ ఒప్పుకోకపోతే రాష్ట్ర బోర్డుకి పోతుంది. మీటింగులకు ఎవరైనా వెళ్ళొచ్చు, తేదీలు బోర్డు వెబ్‌సైట్‌లో పెడతారు. డబ్బు గురించైతే జూన్ లోపు కమిషనర్ల బడ్జెట్ హియరింగ్‌కి వెళ్ళండి, పేరు రాయించుకుంటే మాట్లాడనిస్తారు. భోజనాల దగ్గర వాదించిన ఆయన్ని కూడా తీసుకురండి.