సీసీ రోడ్డు పడేలోపు కింద ఏమేం చూసుకోవాలి? (గుంటూరు)

కాలనీ కార్యదర్శి, గుంటూరు:

అందరికీ నమస్కారం. మా వీధికి సీసీ రోడ్డు, రెండు పక్కలా కాలువలు మంజూరయ్యాయి. కాంట్రాక్టర్ మనుషులు వచ్చి సున్నం గీతలు కూడా గీసి వెళ్లారు. వీధి పొడవు 220 మీటర్లు, రోడ్డు వెడల్పు 5 మీటర్లు. ఇప్పుడున్న రోడ్డు మీదే ఇంకో పొర వేస్తే సగం ఇళ్ల గడపలు రోడ్డు కన్నా కిందికి పోతాయి. కుళాయి పైపులు పాత కాలువలో నుంచే ఇళ్లలోకి వెళ్తున్నాయి. యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) చాంబర్లు కట్టి ఏళ్లయింది, ఒక్క ఇంటికీ కనెక్షన్ ఇవ్వలేదు.

పక్క వీధిలో రోడ్డు వేసిన ఏడాదికే పైపు లీకైందని నడిమధ్యలో పగలగొట్టారు. మా వీధికీ ఆ గతి పట్టకుండా ఎవరిని ఏం అడగాలి? మాలో ఇంజినీర్లు ఎవరూ లేరు. పనికి అడ్డుపడ్డారన్న మాట రాకూడదు, అలాగని చూస్తూ ఊరుకోనూ లేం. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ డీఈ, ప్రజారోగ్య ఇంజినీరింగ్:

అమ్మా, అడగాల్సిన సమయంలోనే అడిగారు. కాంక్రీటు పడ్డాక ఎంత తెలిసినా చేయగలిగింది తక్కువ.

ముందు కాగితాలు చూడండి. మీ వార్డు ఎమినిటీస్ సెక్రటరీ ద్వారా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని కలిసి ఎస్టిమేట్, డ్రాయింగు, లెవల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) ఉన్న షీటు అడగండి. పని ఎంత మందం, ఏ గ్రేడు కాంక్రీటు, పాత రోడ్డు తీసేయడం ఉందా లేదా, కాలువ లోతు ఎక్కడ ఎంత, అన్నీ వాటిలోనే ఉంటాయి. మర్యాదగా అడిగితే చాలామంది ఏఈలు చూపిస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగవచ్చు. కానీ జవాబుకు 30 రోజుల గడువు ఉంది, ఈలోపు మీ రోడ్డు పూర్తయిపోతుంది. అందుకని దరఖాస్తు వేసినా నోటిమాటతో అడగడం ఆపకండి. ఆ చట్టంలోనే సెక్షన్ 2(జె) కింద జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు.

ఇక అసలు విషయం లెవల్స్. నా సర్వీసులో చూసిన చెడిపోయిన వీధుల్లో ఎక్కువ భాగం సిమెంటు తక్కువై చెడినవి కావు, లెవల్ తప్పి చెడినవే. మీ లెక్కే చూద్దాం. కాలువకు 400కు 1 వాలు (400 మీటర్ల పొడవుకు 1 మీటరు దిగుడు) ఇచ్చారనుకోండి. 220 మీటర్ల వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు అడుగు మట్టం 55 సెంటీమీటర్లు దిగాలి. అక్కడ అది కలిసే పెద్ద కాలువ అడుగు ఇంకా కిందికి ఉండాలి. లేకపోతే మీ కాలువ ఎంత నున్నగా కట్టినా అందులో నీళ్లు నిలబడతాయి, దోమలు పుడతాయి. కాబట్టి ఏఈ గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: “సార్, మా కాలువ ఎందులో కలుస్తుంది, అక్కడ అడుగు మట్టం ఎంత?” నగరం మురుగు మోసే పీకలవాగులోకి చేరే చిన్న కాలువలు కొన్నిచోట్ల పూడిక పేరుకుని అడుగు పైకి లేచి ఉంటాయి. ముందు అక్కడ పూడిక తీయించకుండా ఇక్కడ కాలువ కట్టి లాభం లేదు.

రోడ్డు లెవల్‌కు ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. పని మొదలుకాకముందే మేస్త్రిని పిలిచి నీళ్ల ట్యూబ్ లెవల్‌తో వీధి పొడవునా కాంపౌండు గోడల మీద ఒకే మట్టంలో ఎర్ర పెయింటుతో గీతలు పెట్టించండి. ప్రతి గీత నుంచి ఇంటి గడప ఎంత కిందికి ఉంది, ఇప్పటి రోడ్డు ఎంత కిందికి ఉంది అని టేపుతో కొలిచి రాసుకోండి. ఆ పట్టిక పట్టుకుని వెళ్తే ఏఈ గారితో మాట్లాడటం తేలిక. ‘మా ఇళ్లు మునిగిపోతాయండీ’ అంటే ఎవరూ వినరు. ‘ఫలానా ఇంటి గడప రోడ్డు కన్నా 12 సెంటీమీటర్లు కిందికి పోతుంది’ అంటే వినక తప్పదు. రోడ్డుకు మధ్య నుంచి అంచుకు 2 శాతం వాలు ఉండాలి. మీ 5 మీటర్ల రోడ్డుకు నడిమి భాగం అంచు కన్నా 5 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే సరిపోతుంది.

పాత రోడ్డు తవ్వి తీసేసి, ఆ తర్వాతే కొత్తది వేయాలని పట్టుబట్టండి. ఎస్టిమేట్‌లో అది లేకపోతే ఇప్పుడే చేర్పించుకోవాలి.

నీటి సరఫరా ఫిట్టర్, విజయవాడ:

డీఈ గారు లెవల్స్ గురించి చెప్పారు. నేను పైపుల గురించి చెబుతాను. అక్కా, మీరు రాసిన వాటిలో నన్ను భయపెట్టింది ఒక్కటే, కుళాయి పైపులు కాలువలో నుంచి వెళ్లడం.

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. వదిలినప్పుడు పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీళ్లు బయటికే చిమ్ముతాయి. సరఫరా ఆపేశాక ప్రెషర్ పడిపోతుంది, పైగా ఎవరో ఒకరు కుళాయికి మోటారు పెట్టి లాగుతారు. అప్పుడు అదే చిల్లులోంచి మురుగు లోపలికి వెళ్తుంది. పాత జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు కాలువ నీళ్లలో నానితే ముందు తుప్పు పట్టేది మరలు ఉన్న జాయింటు దగ్గరే. పైకి బాగానే కనిపిస్తుంది, చేత్తో తిప్పితే ఊడి వస్తుంది. 2018 మార్చిలో మీ గుంటూరులోనే, ఆనందపేటలో, తాగునీళ్లు కలుషితమై డయేరియాతో ప్రాణాలు పోయాయి. అది మర్చిపోయే విషయం కాదు.

అందుకని కాలువ పగలగొట్టిన రోజునే ఇంటింటి కనెక్షన్ పైపు మార్పించండి. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేసి, కాలువ దాటే చోట కాలువ అడుగుకు పైన, మురుగు తగలని ఎత్తులో, ఇంకో పెద్ద పైపు తొడుగులో నుంచి తీసుకెళ్లాలి. పాత పైపును ఊరికే వదిలేయకుండా మెయిన్ లైను (వీధిలోని పెద్ద పైపు) దగ్గరే బిరడా కొట్టి మూసేయాలి. చాలామంది ఇది మర్చిపోతారు, ఆ మూతపడని ముక్కలోంచే మళ్లీ మురుగు కలుస్తుంది. మెయిన్ లైనుకు, మురుగు లైనుకు మధ్య 3 మీటర్ల దూరం ఉండాలన్నది నియమం. ఇరుకు వీధుల్లో అది కుదరదు కాబట్టి మురుగు పైపు పైభాగం కన్నా మంచినీటి పైపు అడుగు కనీసం అర మీటరు ఎత్తున ఉండేలా చూస్తారు.

ఇంకో మాట. కాంక్రీటు పోసేముందు రోడ్డుకు అడ్డంగా, నాలుగైదు ఇళ్లకు ఒకటి చొప్పున, ఖాళీ పీవీసీ పైపులు పాతిపెట్టించండి. రెండు చివరలా మూతలు బిగించాలి. రేపు కొత్త కుళాయి కనెక్షన్ కావాలన్నా, కేబులు కావాలన్నా అందులోంచి దూర్చుకోవచ్చు, రోడ్డు పగలగొట్టే పని ఉండదు. వీటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. పైపు పూడ్చేముందు పక్కన టేపు పెట్టి, కాంపౌండు గోడ నుంచి ఎంత దూరం, ఎంత లోతు అనేది కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి.

పని అయ్యాక వారం పాటు కుళాయి నీళ్లలో క్లోరిన్ చూడమని వార్డు సిబ్బందిని అడగండి. వీధి చివరి ఇంట్లో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ ఒక్క ఇంట్లోనే లేదంటే మధ్యలో ఎక్కడో మురుగు కలుస్తోందని అనుమానించాలి.

కాలనీ కార్యదర్శి, గుంటూరు:

ఎంత మేలు చేశారండీ ఇద్దరూ. గోడల మీద గీతలు పెట్టించాం. తొమ్మిది ఇళ్ల గడపలు ఇప్పటికే రోడ్డు మట్టానికి దగ్గర్లో ఉన్నాయి. ఏఈ గారు ఎస్టిమేట్ చూపించారు. పాత రోడ్డు తీయడం అందులో ఉంది, ఆ టెన్షన్ పోయింది. కానీ కుళాయి పైపుల మార్పిడి అందులో లేదు, యూజీడీ ఇంటి కనెక్షన్లూ లేవు. “అవి వేరే సెక్షన్ పనులమ్మా, మా పనిలో రావు” అన్నారు. ఇప్పుడేం చేయాలి? ఇళ్ల ముందు ర్యాంపుల గొడవ కూడా మొదలైంది, వాటిని తీయడానికి వీల్లేదని కొందరు అంటున్నారు.

రిటైర్డ్ డీఈ, ప్రజారోగ్య ఇంజినీరింగ్:

ఏఈ గారు చెప్పింది నిజమే అమ్మా. రోడ్డు ఒకరిది, నీళ్లు ఇంకొకరిది, మురుగు మరొకరిది. వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగేది నగరపాలక సంస్థ కమిషనర్ ఒక్కరే. వీధిలో అందరి సంతకాలతో అర్జీ రాసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. అర్జీలో ఫిర్యాదు ధోరణి వద్దు. “రోడ్డు వేసేలోపు నీటి సరఫరా, యూజీడీ విభాగాల ఇంజినీర్లను కలిపి స్థల పరిశీలన చేయించి, కుళాయి పైపుల మార్పిడికి అనుబంధ అంచనా మంజూరు చేయగలరు” అని సూటిగా అడగండి. మీరు తయారుచేసిన లెవల్స్ పట్టిక, కాలువలో పైపులు ఉన్న ఫొటోలు జతచేయండి. టెండరులో తక్కువకు కోట్ చేయడం వల్ల మిగిలే సొమ్ము ఉంటుంది, పై అధికారి అనుమతితో అందులోంచి ఇలాంటి చిన్న పనులు చేసే వీలుంటుంది. ఆ సంగతి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారిని అడగండి.

యూజీడీ విషయంలో తొందర వద్దు. గుంటూరులో ఆ పనులు మధ్యలో ఆగిన సంగతి ఊరందరికీ తెలుసు. మీ లైను పంపింగ్ స్టేషన్ దాకా కలిసిందో లేదో తేలకుండా ఇళ్ల మురుగు వదిలితే, అది పల్లంలో ఉన్న చాంబరు మూతలోంచి ఎవరి గుమ్మం ముందో పైకి తన్నుతుంది. కనెక్షన్ ఇవ్వకపోయినా పర్వాలేదు. ప్రతి చాంబరు నుంచి కాంపౌండు గోడ దాకా పైపు వేసి మూత బిగించి వదిలేయమనండి. లైను ఎప్పుడు నడిచినా అప్పుడు రోడ్డు ముట్టుకోకుండా కలుపుకోవచ్చు.

ఆ లైను బాగుందో లేదో ఇప్పుడే చూడొచ్చు. రెండు పక్కపక్క చాంబర్ల మూతలు తీయించి, ఒకదాంట్లో కర్రకు కట్టిన టార్చి దించి, రెండోదాంట్లో కర్రకు కట్టిన అద్దం దించి చూస్తారు. అద్దంలో వెలుగు నిండు గుండ్రంగా కనిపిస్తే పైపు సరిగ్గా ఉన్నట్టు. నెలవంకలా కనిపిస్తే ఎక్కడో కుంగింది, లేదా పూడిక పేరుకుంది. ఇదంతా పై నుంచే చేయాలి. మనిషిని చాంబరులోకి దించడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. లోపల విషవాయువు ఉంటుంది, క్షణాల్లో ప్రాణం పోతుంది. రక్షణ పరికరాలు లేకుండా ఇలా దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (పాకీపని) నిషేధ చట్టం కూడా నిషేధించింది.

ర్యాంపులు తీయాల్సిందే. వాటి కింద పూడిక తీయడం ఎవరి తరమూ కాదు. బదులుగా పట్టుకుని లేపడానికి కొక్కేలున్న పలకలు గేటు ముందు వరకే వేయమని అడగండి. ముందు సంఘం పెద్దల ఇళ్లవి తీయిస్తే మిగతావాళ్లు అభ్యంతరం చెప్పరు.

సైట్ ఇంజినీర్, విజయవాడ:

మేడమ్, నేను కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవాణ్నే. కాంక్రీటు రోజున మీరు చూడాల్సినవి చెబుతాను. దగ్గరుండి చూసేవాళ్లు ఉంటే మాకూ మంచిదే, లేబర్ జాగ్రత్తగా చేస్తారు.

మీ ప్రాంతంలో అడుగున నల్లరేగడి ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే ఎంత మంచి మిక్స్ అయినా పగులుతుంది. మెత్తటి మట్టి తీసి గ్రావెల్ నింపి, నీళ్లు కొట్టి రోలర్ తిప్పారా అన్నది చూడండి. పైపు కోసం తవ్విన చోట మట్టి ఒకేసారి పోసేయకుండా పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించాలి. రోడ్డు కుంగేది ఆ గాడి మీదే.

ఎస్టిమేట్‌లో ఎం30 అని ఉంటే 28 రోజులకు కాంక్రీటు బలం చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు రావాలని అర్థం. పోసిన ప్రతి షిఫ్టుకూ కనీసం ఒక నమూనా, అంటే 15 సెంటీమీటర్ల ఘనాలు మూడు తీయాలి. వాటి మీద తేదీ, వీధి పేరు మీ ముందే రాయించండి. ఆర్‌ఎంసీ (ముందే కలిపి తెచ్చే కాంక్రీటు) ట్రక్కు వచ్చాక జారడం లేదని పైపు పెట్టి నీళ్లు కలుపుతుంటే వెంటనే ఆపమనండి, బలం పడిపోయేది అక్కడే. స్లాబును 4 నుంచి 4.5 మీటర్లకు ఒకచోట, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతున కట్ చేయాలి. అది తెల్లారేలోపే జరగాలి. మన ఎండలకు ఆలస్యమైతే కాంక్రీటు తనకు తోచిన చోట చీలుతుంది. వీలుంటే సాయంత్రం పోయించండి.

కాలనీ కార్యదర్శి, గుంటూరు:

ధన్యవాదాలండీ. మొన్న గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం. నిన్న మూడు విభాగాల వాళ్లూ కలిసి వచ్చి చూశారు. పైపులు మార్చేదాకా కాంక్రీటు పోయబోమని చెప్పారు, చాంబర్ల నుంచి గోడ దాకా పైపులు వేయడానికీ ఒప్పుకున్నారు. అడ్డంగా ఖాళీ పైపులకు అయ్యే ఖర్చు మేమే తలా కొంత వేసుకుంటున్నాం. చివరగా ఒక్క సందేహం. కాంక్రీటు పోశాక బండ్లు ఎప్పటి నుంచి తిప్పొచ్చు? క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) ఎవరు చేయాలి?

సైట్ ఇంజినీర్, విజయవాడ:

క్యూరింగ్ బాధ్యత కాంట్రాక్టర్‌దే మేడమ్. మొదటి రోజు తడి గోనెలు కప్పాలి, తర్వాత మట్టితో చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ట్యాంకరు ఏ వేళకు వస్తుందో ముందే రాయించుకోండి, మధ్యాహ్నం గట్లు ఎండిపోతే ఫోన్ చేయండి. నడవడానికి మర్నాటి నుంచి ఇబ్బంది లేదు. సైకిళ్లు, బైకులు వారం ఆగాలి, కార్లు రెండు వారాలు దాటాక. ఇసుక లారీలు, నీళ్ల ట్యాంకర్లు మాత్రం 28 రోజులూ నిండాకే. వీధి రెండు చివరలా డ్రమ్ములు అడ్డం పెట్టించండి. ఎవరింట్లోనైనా ఇల్లు కట్టే పని ఉంటే ఇటుక, ఇసుక ఇప్పుడే దింపుకోమనండి.

రిటైర్డ్ డీఈ, ప్రజారోగ్య ఇంజినీరింగ్:

ఒకటి కలుపుతాను. చాంబర్ల మెడలు కొత్త రోడ్డు మట్టానికి సరిచేశారా లేదా కాంక్రీటు పోసే ముందురోజే చూసుకోండి. మూత మీదుగా పోసేస్తే తర్వాత అది ఎక్కడుందో కూడా తెలియదు. అగ్రిమెంట్‌లో లోపాల బాధ్యత కాలం (లోపాలు కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) ఎప్పటిదాకా అని రాసి ఉంటుంది, ఆ తేదీ సంఘం రిజిస్టరులో రాసుకోండి. ఆ గడువు ముగిసే ముందు వానాకాలంలో వీధంతా ఒకసారి నడిచి, పగుళ్లు, నీళ్లు నిలిచే చోట్లు ఫొటోలతో సహా ఈఈ గారికి రాసి ఇవ్వండి. కాంట్రాక్టర్ డిపాజిట్టు విడుదలయ్యేలోపే అవి సరిచేయించాలి.