అప్‌డేట్: రెండు ట్యాంకుల పికప్‌లో ఫ్యూయల్ గేజ్ సమస్య తీరింది

టెక్సాస్‌లో నేను నడిపే 1980ల నాటి పికప్ గురించి అడిగాను కదా, ఎడమ ట్యాంకుకి మారిస్తే ముల్లు సరిగ్గానే చూపిస్తుంది, కుడి ట్యాంకు దాదాపు ఖాళీ అయినా సగం ఉన్నట్టు చూపిస్తుంది అని. కారణం దొరికింది. కుడి ట్యాంకు సెండర్ (ట్యాంకులో పెట్రోలు ఎంతుందో గేజ్‌కి తెలిపే భాగం) గ్రౌండ్ వైరు, అంటే దాన్ని బండి ఛాసిస్‌కి కలిపే వైరు, తుప్పు పట్టింది.

రెండు ట్యాంకులకూ గేజ్ ఒకటే. ఎడమ వైపు సరిగ్గా చూపిస్తోందంటే గేజ్ బాగున్నట్టే. మీలో ఒకరు చెప్పినట్టు, ట్యాంకుకి దూరంగా ఉన్న కనెక్టర్ దగ్గర కుడి సెండర్ వైరు ఊడదీసి చూశాను. ముల్లు ఫుల్ దాటి వెళ్లింది. అదే వైరుని ఛాసిస్‌కి తాకిస్తే ఖాళీకి పడిపోయింది. అంటే ట్యాంకులు మార్చే స్విచ్, అక్కడిదాకా వైరింగ్ కూడా బాగున్నాయి. (పెట్రోలు ఆవిరి ఉన్నచోట మాత్రం ఈ పని చేయకండి, నిప్పురవ్వ చాలు.)

ఈ బండిలో సెండర్ ఖాళీకి 0 ఓంలు, నిండుకి 90 ఓంలు. మీటర్‌తో సెండర్ నుంచి దాని సొంత గ్రౌండ్ వైరుకి కొలిస్తే సున్నాకి దగ్గరగా ఉంది, ఛాసిస్‌కి కొలిస్తే 40 పైనే. ఆ తేడా అంతా తుప్పుదే. గ్రౌండ్‌లో రెసిస్టెన్స్ పెరిగితే ఈ రకం గేజ్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, దారిలో పెట్రోలు అయిపోయేది అందుకే.

ఫ్రేమ్ మీద పెయింటు, తుప్పు గీకి కొత్త వైరు బిగించాను. ట్యాంకు దించే పనే పడలేదు. ఎడమ వైపు గ్రౌండ్ కూడా ఈ వారాంతంలో మార్చేస్తాను. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.