పసికందుకు ఆకుపచ్చ వాంతి: స్కాన్ చూసి పంపాలా, చూడకుండానే పంపాలా?

ఏరియా ఆసుపత్రి పీడియాట్రిక్స్:
నెలలు నిండి పుట్టిన బిడ్డ, మూడో రోజు, రెండుసార్లు ఆకుపచ్చ వాంతి. పొట్ట మెత్తగానే ఉంది, మెకోనియం (పుట్టాక పోయే మొదటి నల్లటి మలం) పోయింది, ఎక్స్‌రే నార్మల్. ఇలాంటి పిల్లల్లో చాలామందికి చివరికి ఆపరేషన్ అవసరం పడదు. అలాంటప్పుడు రాత్రికి రాత్రి పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వంద కిలోమీటర్లు పంపడం ఎందుకు? పొద్దున్నే రేడియాలజిస్టు వచ్చి అల్ట్రాసౌండ్ చూశాక పంపితే ఏం పోయింది? దారిలో బిడ్డ చల్లబడి, షుగర్ పడిపోతే ఎవరిది బాధ్యత?

పిల్లల సర్జన్:
ఆ ‘పొద్దున్నే’తోనే పేచీ సార్. మాల్‌రొటేషన్‌లో, అంటే గర్భంలో పేగులు సరిగ్గా తిరిగి కుదురుకోకపోతే, వాటి మూలం సన్నగా ఉంటుంది. మెలిపడితే (దీన్నే వాల్వులస్ అంటాం) పేగులకు రక్తమిచ్చే సుపీరియర్ మీసెంటరిక్ ధమని నలిగి మిడ్‌గట్ (చిన్నపేగు, పెద్దపేగు మొదటి భాగం) మొత్తానికి రక్తం ఆగిపోతుంది, కొన్ని గంటల్లోనే పేగు నల్లబడొచ్చు. అడ్డు పైన డుయోడినంలో (చిన్నపేగు మొదటి భాగంలో) కాబట్టి మొదట్లో పొట్ట ఉబ్బదు, కిందున్న మెకోనియం మామూలుగానే పోతుంది. మీరు ధైర్యంగా చెప్పిన ఆ మూడూ వాల్వులస్‌లోనూ ఉంటాయి. ఉబ్బరం, మలంలో రక్తం కనిపించేసరికి ఆలస్యమైపోయినట్టే.

రేడియాలజిస్ట్:
అలాగని అల్ట్రాసౌండ్‌ను తీసిపారేయొద్దు. డాప్లర్‌లో (రక్తప్రవాహం చూపే అల్ట్రాసౌండ్‌లో) ఆ ధమని చుట్టూ దాని పక్క సిర సవ్యదిశలో సుడి తిరిగి కనిపిస్తే కాంట్రాస్ట్ (మందు పోసి తీసే ఎక్స్‌రే) కూడా అక్కర్లేదు, నేరుగా థియేటరే. కానీ ధమని, సిర ఉండాల్సిన చోటే ఉన్నా మాల్‌రొటేషన్ ఉండొచ్చు. నార్మల్ స్కాన్‌ని చూపించి రిఫరల్ ఆపకూడదు. డీజే ఫ్లెక్షర్ (డుయోడినం ముగిసే మలుపు) వెన్నెముకకు ఎడమవైపు, డుయోడినల్ బల్బ్ (డుయోడినం మొదలు) ఎత్తులో ఉందో లేదో అప్పర్ జీఐ కాంట్రాస్ట్‌లో తేలుతుంది. అది సర్జన్ ఉన్నచోటే చేయాలి.

ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) స్టాఫ్ నర్స్:
చలి, షుగర్ సంగతి సార్ అన్నది నిజమే, కానీ రెండూ మన చేతిలో ఉన్నవే. పాలు ఆపి, 8 ఫ్రెంచ్ ట్యూబు నోటి ద్వారా పొట్టలోకి వేసి, మూత పెట్టకుండా సంచిలోకి వదలండి. మూత బిగించి పంపేవాళ్లున్నారు, అలా పంపితే ట్యూబు వేయనట్టే. బయటికి వచ్చినంత నార్మల్ సెలైన్‌తో భర్తీ చేయాలి. సీఆర్‌టీ (చర్మం నొక్కి వదిలాక రంగు తిరిగొచ్చే సమయం) 3 సెకన్లు దాటితే కిలోకి 10 మి.లీ. సెలైన్ బోలస్‌గా, అంటే త్వరగా ఎక్కించాలి. మెయింటెనెన్స్‌కి 10 శాతం డెక్స్‌ట్రోజ్, బయల్దేరేముందు ఒకసారి, దారిలో మళ్లీ షుగర్ చెక్. టోపీ, సాక్సులు వేసి, వీలైతే బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి పడుకోబెట్టాలి. విటమిన్ కె 1 మి.గ్రా. ఇచ్చారో లేదో చీటీలో రాయండి. సిజేరియన్ అయి తల్లి రాలేకపోతే ఆమె రక్తం శాంపిల్, సంతకం చేసిన సమ్మతి పత్రం వెంట పంపండి. 108 వచ్చేలోపు ఇవన్నీ అయిపోతాయి.

ఏరియా ఆసుపత్రి పీడియాట్రిక్స్:
సరే. మరి తల్లులు ఆకుపచ్చ అంటారు, చూస్తే ముర్రుపాల పసుపు. దానికీ రిఫరలేనా? నెలలు నిండని బిడ్డకు ఫీడ్స్ మొదలెట్టినప్పుడు ట్యూబులో కాస్త పచ్చదనం కనిపిస్తుంది, దానికీ అంతేనా?

పిల్లల సర్జన్:
రెండోది వేరే లెక్క. పొట్ట మెత్తగా ఉండి బిడ్డ బాగుంటే గమనించొచ్చు, కాకపోతే ఎన్‌ఈసీ (నెలలు నిండని పిల్లల్లో పేగు దెబ్బతినే జబ్బు) మనసులో పెట్టుకోవాలి. రంగు మీద అనుమానం ఉంటే ట్యూబు వేసి, వచ్చింది తెల్ల గాజుగుడ్డ మీద పోసి చూడండి. పాలకూర రంగు వస్తే ఇక చర్చ వద్దు, ముందు ఫోన్ చేయండి. షాక్‌లో ఉన్నా, పొట్ట బిగుసుకున్నా మేం కాంట్రాస్ట్ కోసం ఆగం, థియేటర్ సిద్ధం చేస్తాం. మాల్‌రొటేషన్‌కి చేసే ల్యాడ్ ఆపరేషన్‌లో మొదటి పని పేగును అపసవ్యదిశలో తిప్పి మెలి విప్పడం. అది జరిగేదాకా ఎన్ని బోలస్‌లిచ్చినా ఆ పేగుకు రక్తం అందదు.