హాస్టల్ చెత్త డబ్బాలు, విద్యార్థుల అభిప్రాయాలు: సర్వే ఎట్లా చేయాలి?

ప్రశ్న (పీజీ విద్యార్థి, నల్లగొండ జిల్లా)

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పర్యావరణం పట్ల హాస్టల్ విద్యార్థుల వైఖరి మీద సర్వే చేయాలి. హాస్టళ్లలో మొత్తం 1200 మంది. 20 ప్రశ్నలు రాసి 30 మందికి ఇచ్చి చూస్తే, దాదాపు అందరూ అన్నింటికీ 'పూర్తిగా అంగీకరిస్తాను' అనే టిక్కు పెట్టారు. మెస్ బయట ఆకుపచ్చ, నీలం డబ్బాల్లో మాత్రం అన్నం, పాల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు కలిసే ఉంటున్నాయి. ప్రశ్నలు మార్చాలా? ఎంతమందిని అడగాలి? 'ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్లను కూరగాయల మడులకు వాడితే మద్దతిస్తారా' అనే ప్రశ్న కూడా ఉంది, అది ఉంచవచ్చా?

జవాబు 1

తమ్మీ, 'పర్యావరణాన్ని కాపాడాలా' అని అడిగితే కాదనేటోళ్లు ఎవరుంటరు? చేసిన పని అడుగు. 'నిన్న రాత్రి ప్లేట్ల మిగిలింది ఏ డబ్బాల వేసినవ్? అది ఎన్ని అడుగుల దూరంల ఉన్నది?' అని అడుగు. ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో వివరించిన సిద్ధాంతం ప్రకారం, మనిషి ఒక పని చేస్తడా లేదా చెప్పేటందుకు వైఖరి ఒక్కటే చాలదు. చుట్టూ ఉన్నోళ్లు ఏమనుకుంటరు, ఆ పని తన చేతుల ఉన్నదా అన్నవి కూడా లెక్కలోకి వస్తయి. మూడింటికీ వేరువేరు ప్రశ్నలుండాలె.

కొన్ని ప్రశ్నలు తిప్పి రాయి, అంటే ఒప్పుకుంటే పర్యావరణానికి వ్యతిరేకమయ్యేటట్టు. పర్యావరణం పట్ల వైఖరిని కొలిచే ఎన్ఈపీ స్కేలు (2000 సంవత్సరంల వచ్చిన రూపం) తీసుకుంటే అందుల 15 వాక్యాలుంటయి, సరిసంఖ్య వాక్యాలు ఏడింటికీ మార్కులు తిప్పి (5కు 1, 1కి 5) వేయాలె. అది మరిస్తే ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నయా అని చెప్పే అంకె) పడిపోతది, తప్పు ఎక్కడున్నదో తెల్వదు.

1200 మందికి 95 శాతం నమ్మకం, 5 శాతం తేడాతో 292 మంది కావాలె. సగం నింపి వదిలేసేటోళ్లుంటరు గనుక 320 కాగితాలు పంచు. పేరు, రూం నంబరు అడగకు. వార్డెన్ చేతుల మీదుగా అసలే తీసుకోకు, ఆయనకు నచ్చే జవాబే రాస్తరు.

జవాబు 2

కాగితాలతో పాటు కాంటా కూడా పెట్టండి. వరుసగా ఏడు రోజులు, ఆదివారం చికెన్ రోజు కూడా కలిపి. వంటగది తొక్కలు, గిన్నెల్లో మిగిలింది, ప్లేట్లలో వదిలింది వేరువేరుగా తూచి, ఖాళీ బకెట్ బరువు తీసేయండి. విద్యార్థుల అలవాటు చెప్పేది మూడోదే. మిగతా రెండూ వంట చేసేవాళ్ల అంచనాకు సంబంధించినవి, వాటిని విద్యార్థుల ఖాతాలో వేయడం అన్యాయం. ఉదాహరణకు 900 మంది తిన్న పూట ప్లేట్ల అన్నం 54 కిలోలైతే మనిషికి 60 గ్రాములు.

నీలం డబ్బాను పట్టా మీద బోర్లించి, తప్పుగా పడినదాన్ని వేరుచేసి తూచండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. బరువు ఒక్కటే చూస్తే మోసపోతారు: గుప్పెడు అన్నం ముందు గ్లాసు బరువు లెక్కకే రాదు, అందుకే ప్లాస్టిక్‌ను లెక్కపెట్టండి కూడా. పరీక్షల వారం, బతుకమ్మ-దసరా సెలవుల ముందు వారం వద్దు.

జవాబు 3

డబ్బా వెంట ట్రాక్టర్ దాకా నడిచి చూశారా? రెండు డబ్బాలనూ ఒకే ట్రాలీలో గుమ్మరిస్తుంటే కిటికీలోంచి చూసిన విద్యార్థి మర్నాటి నుంచి వేరుచేయడు. దాన్ని నిర్లక్ష్యం అనడం తప్పు, అతను కళ్లతో చూసిందే నమ్ముతున్నాడు. 'వేరుచేసిన చెత్త చివరికి ఏమవుతుందని అనుకుంటున్నారు?' అన్న ఒక్క ప్రశ్న చేర్చండి, మీ మొత్తం ప్రాజెక్టుకు అదే కీలకం.

ఇక ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై 1 నుంచి నిషేధం. అవి డబ్బాలో కనిపిస్తే ముందు అడగాల్సింది క్యాంటీన్‌ను.

జవాబు 4

ఆర్వో నీళ్ల ప్రశ్న దయచేసి తీసేయండి. ఫ్లోరైడ్‌తో వంకర్లు పోయిన కాళ్లను చూసిన జిల్లా మనది. ఆర్వో ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, వదిలే నీళ్లలోకి నెడుతుంది. బోరులో లీటరుకు 2 మిల్లీగ్రాములుండి, సగం నీళ్లు మంచివిగా, సగం వృథాగా వస్తే, ఆ వృథా నీళ్లలో దాదాపు 4 ఉంటుంది. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి 1, వేరే దారి లేనప్పుడు 1.5. దానికితోడు ఉప్పులు కూడా చిక్కబడి నేల చౌడు బారుతుంది. కూరగాయలకు, పశువుల తొట్టికి వద్దు. మరుగుదొడ్లకు, నేల తుడవడానికి వాడటం గురించి అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కాంటా ముందా, కాగితాలు ముందా?

జవాబు 2 ఇచ్చినవారు

కాంటాయే ముందు. కాగితాలు పంచిన తర్వాత వారం పాటు అందరూ జాగ్రత్తపడతారు, అప్పటి బరువులు మామూలు రోజులవి కావు.