‘వెస్ట్ ఆఫ్ జాంజిబార్’: ఆ పశ్చాత్తాపం కూతురి కోసమేనా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
వినికిడి తగ్గిన తరువాత మా నాన్నగారు సినిమాలు చూడడం మానేశారు. మొన్న ఆదివారం 1928 నాటి ఈ మూకీ చిత్రాన్ని పెట్టి, మధ్యమధ్య వచ్చే ఇంగ్లీషు మాటలకు ముందే రాసుకున్న తెలుగు కాగితాలను ఒక్కొక్కటిగా ఆయనకు అందించాను. భార్యను తీసుకుపోవడానికి వచ్చిన క్రేన్ తోసేయడంతో రెండు కాళ్లూ చచ్చుబడిన ఇంద్రజాలికుడు ఫ్రోసో, చనిపోయిన భార్య పక్కన దొరికిన పసిపాప క్రేన్ బిడ్డేనని నమ్మి, పద్దెనిమిదేళ్లు కక్షను మోస్తూ ఆ పిల్లను హీనమైన చోట పెరగనిచ్చి, చివరకు ఆఫ్రికాలోని తన మకాముకు రప్పించుకొని తాగుడుకు బానిసను చేస్తాడు. తీరా ఆమె తన సొంత కూతురేనని తెలుస్తుంది. చూడడం అయ్యాక నాన్నగారు ఒకటే అడిగారు: “ఆ పిల్ల నిజంగా పగవాడి కూతురే అయి ఉంటే ఇతడు ఏడ్చేవాడా?” నేను జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

కోట గుమ్మం (విజయనగరం):
ఏడ్చేవాడు కాదండీ. నిజం తెలిసే క్షణం వరకూ ఫ్రోసోగా నటించిన లోన్ చానీ ముఖంలో ఆ పిల్ల మీద జాలి నాకు ఎక్కడా కనిపించలేదు, దర్శకుడు టాడ్ బ్రౌనింగ్ కూడా మనల్ని ఊరడించడానికి ముందుగా ఏ మెత్తదనమూ చూపలేదు. చానీ తల్లిదండ్రులిద్దరూ వినలేనివారు కావడంతో చిన్ననాటి నుంచి ముఖంతో, చేతులతోనే వారితో మాట్లాడాడని చెబుతారు. అందుకే ఆ ముఖం కుప్పకూలడాన్ని మీ నాన్నగారు మనకన్నా సూటిగా చదివి ఉంటారు.

వంశధార:
మీ మాటతో సగమే ఏకీభవిస్తాను. జనం నోట ఉన్న లవకుశుల కథలో బిడ్డలెవరో తెలియగానే యుద్ధం ఆగిపోతుంది; ఇక్కడ తెలిసేసరికే ఆ అమ్మాయి జీవితం చెడిపోయి ఉంది, తండ్రి కన్నీళ్లతో అది బాగుపడదు. అందుకే నాకు ఏడుపుకన్నా శవపేటిక ముఖ్యమనిపిస్తుంది. మొదట్లో రంగస్థలం మీద శవపేటికలో భార్యను మాయం చేసి అస్థిపంజరాన్ని చూపిన అదే గారడీని, చనిపోయిన క్రేన్‌తో పాటు ఆ ఊరివారు తమ ఆచారం ప్రకారం కాల్చబోయిన కూతురిని చితి నుంచి తప్పించడానికి మళ్లీ చేసి, తాను మాత్రం వెనుకే ఉండిపోతాడు. అతనికి చేతనైన విద్య అదొక్కటే. మరొక మాట కూడా చెప్పాలి: ఆ ఊరి ఆఫ్రికన్లను చిత్రం అజ్ఞానపు గుంపుగా మాత్రమే చూపింది. ఫ్రోసో వారిని మోసగించి బతికినందుకు పశ్చాత్తాపం ఎక్కడా లేదు. మీ నాన్నగారి ప్రశ్న వారి వైపు నుంచి అడిగినా నిలుస్తుంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను పెద్ద అక్షరాలతో రాసి నాన్నగారికి ఇచ్చాను. ఆయన చదివి, క్రేన్ ముఖం దాచుకొని కూర్చున్నప్పుడు భుజాలు కదిలే దృశ్యాన్ని మళ్లీ పెట్టమన్నారు. ఫ్రోసో లాగే నేను కూడా అది ఏడుపే అనుకున్నాను. అది నవ్వు అని, మొదటిసారి చూసినప్పుడే తెలిసిపోయిందని నాన్నగారు చెప్పారు.