'వేలియంట్' విన్నాక ఏం వినాలి?

అమీర్‌పేట శ్రోత: లండన్‌లో 2025 మార్చి 8న ఇళయరాజా సింఫనీ 'వేలియంట్' వాయించినప్పటి నుంచీ ఇదే పిచ్చి. ఇప్పటి క్లాసికల్ కంపోజర్లలో ఎవరితో మొదలుపెట్టాలి? మన బీజీఎంలకి లైవ్ ఆర్కెస్ట్రా ఇంకా పెడుతున్నారా?

హౌన్‌స్లో బాబాయ్: ముందు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో నేర్చుకోండి. సింఫనీకి మామూలుగా నాలుగు మూవ్‌మెంట్లు, అంటే భాగాలు. ఇక్కడ లండన్‌లో ఏ కచేరీకి వెళ్లినా మనవాళ్లు మొదటిది అవగానే మొదలెడతారు. మొన్న పక్కాయన ఈల కూడా వేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తెనాలి తబలా: వేస్తే తప్పేంటండీ? 1778లో పారిస్‌లో తన సింఫనీ నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ సంబరంగా వాళ్ల నాన్నకి ఉత్తరం రాశాడు. తొడ మీద తాళం వేసుకుంటూ వినేవాళ్లం మనం.

హౌన్‌స్లో బాబాయ్: మొజార్ట్ టికెట్ కొనుక్కుని కూర్చోలేదు. నేను నలభై పౌండ్లు పెట్టాను.

పాత వయొలిన్: మీ చప్పట్ల గోల మీది. చెన్నైలో పద్దెనిమిదేళ్లు ఆర్‌ఆర్‌కి, అదే రీరికార్డింగ్‌కి, సినిమా నేపథ్య సంగీతం వాయించాను. ఇప్పుడంతా కీబోర్డు శాంపిల్స్ (ముందే రికార్డు చేసిన వాద్యాల శబ్దాలు), పైన ఒక్కడి చేత సోలో బిట్. డబ్బున్నవాళ్లు యూరప్ వెళ్లి వాయించుకొస్తారు. ఓ సెషన్ డబ్బులు నాకింకా రావాలి.

కీబోర్డు కుర్రాడు: మాస్టారూ, రిలీజ్‌కి నాలుగు రోజుల ముందు ఎడిట్ మారిస్తే ముప్పై మందిని మళ్లీ ఎవరు పిలుస్తారు? రాత్రంతా కూర్చుని మార్చేది నేనే. శాంపిలేదో, లైవేదో గుర్తుపడితే నా కీబోర్డు మీకిచ్చేస్తా.

పాత వయొలిన్: పార్సిల్ చెయ్యి బాబూ. శాంపిల్ ఎప్పుడూ అలసిపోదు, అక్కడే దొరికిపోతుంది.

ఎంఏ మ్యూజిక్: నేను ఈ సబ్జెక్టులోనే ఎంఏ చేశాను కాబట్టి చెబుతున్నా. ఇళయరాజా 1986లోనే 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌ని త్యాగరాజుకీ, జర్మన్ కంపోజర్ బాఖ్‌కీ అంకితమిచ్చారు. అది వినకుండా సింఫనీకి ఎగబడితే ఎలా?

తెనాలి తబలా: సర్టిఫికెట్ ఫోటో పెట్టండి సార్.

కీబోర్డు కుర్రాడు: శ్రోతగారూ, అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్‌ని వినండి. పారిస్‌లో రవిశంకర్ సినిమా సంగీతానికి నోటేషన్ రాస్తూ మన తాళం లెక్కలు పట్టుకున్నాడు. తర్వాత ఎస్టోనియా కంపోజర్ ఆర్వో పార్ట్ 1978లో పియానో, వయొలిన్‌కి రాసిన 'ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్'. రెండే వాద్యాలు. అది వింటే నాకే కీబోర్డు కట్టేయాలనిపిస్తుంది.

పాత వయొలిన్: కట్టేయడం కాదు, పంపమన్నాను.

అమీర్‌పేట శ్రోత: పార్ట్‌ది విన్నాను. సగంలో మసాలా పొడి యాడ్ వచ్చింది. అక్కడ చప్పట్లు కొట్టొచ్చా బాబాయ్?