నిప్పు రాజేయలేకపోయిన మనిషి: తప్పు అతనిదా, చలిదా?

రేవతి_చదువరి:
అమెరికన్ రచయిత జాక్ లండన్ కథ ‘టు బిల్డ్ ఎ ఫైర్’ (1908) గురించి ఒక పెద్ద ప్రశ్న. చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: కెనడాలోని యూకాన్ ప్రాంతం. సున్నాకి 75 ఫారెన్‌హీట్ డిగ్రీల కింద, అంటే దాదాపు మైనస్ 59 సెల్సియస్ చలి. ఒక మనిషి కుక్కను వెంటబెట్టుకుని, హెండర్సన్ క్రీక్ దగ్గరున్న స్నేహితుల మకాంకి నడిచి వెళ్తుంటాడు. కాలి కింద పల్చటి మంచు విరిగి పిక్కల దాకా తడుస్తుంది. చెట్టు కింద నిప్పు రాజేస్తే కొమ్మల మీది మంచు జారిపడి ఆర్పేస్తుంది. వేళ్ళు కొయ్యబారిపోయి మళ్ళీ రాజేయలేక చచ్చిపోతాడు.

అమెరికన్ సాహిత్యంలోని నాచురలిజం అనే ధోరణికి దీన్నే నమూనాగా చూపిస్తారు. మనిషిని అతని ఇష్టం కాక పరిస్థితులూ పుట్టుకా నడిపిస్తాయనీ, ప్రకృతికి అతని మీద ప్రేమా లేదు, పగా లేదనీ ఆ వాదం. నాకు అది నూటికి నూరుపాళ్ళు నిజమనిపిస్తుంది. లండన్ ఆ మనిషికి పేరు కూడా పెట్టలేదు చూడండి. చలికి పేరుతో పనేముంది?

కృష్ణాతీరం:
రేవతి గారూ, నేను ఒప్పుకోను. చలి సున్నాకి యాభై డిగ్రీల కిందికి దిగాక ఒంటరిగా బయల్దేరవద్దని, సల్ఫర్ క్రీక్ అనే చోట ఉండే ముసలాయన కథలో ముందే చెప్పాడు. ఇతను మనసులో నవ్వుకున్నాడు. ఆరుబయట రాజేయాల్సిన నిప్పుని చెట్టు కింద రాజేశాడు. ఊహాశక్తి లేకపోవడమే అతని చిక్కని రచయితే మొదట్లో చెప్పేస్తాడు. పెద్దల మాట పెడచెవిన పెట్టి చెడిపోయినవాడి కథ ఇది. ఒకడికి హెచ్చరిక ఉంది, వినే వీలుంది, వినలేదు. వినే వీలున్నప్పుడు పరిస్థితులే చంపాయని ఎలా అంటాం?

రేవతి_చదువరి:
కృష్ణాతీరం గారూ, మీరు చెప్పే కథ కూడా లండన్ రాశాడు. అది వేరే కథ. 1902లో ‘యూత్స్ కంపానియన్’ పత్రికలో ఇదే పేరుతో వచ్చింది. అందులో మనిషికి పేరుంది, టామ్ విన్సెంట్. అతనూ ఒంటరిగానే వెళ్తాడు, కాళ్ళు తడుస్తాయి, కానీ బతికి బయటపడతాడు. చేతుల మీద కాలిన మచ్చలు, ‘ఒంటరిగా ప్రయాణం చేయకు’ అనే పాఠం మిగులుతాయి. ఆరేళ్ళ తర్వాత లండన్ పాఠం నేర్చుకునే అవకాశాన్నే తీసేశాడు, పేరు తీసేశాడు, కుక్కను తెచ్చి పెట్టాడు. దాదాపు అవే తప్పులు చేసిన ఇద్దరిలో ఒకడు బతికాడు, ఒకడు చచ్చాడు. అలాంటప్పుడు తప్పు చావుకి కారణం ఎలా అవుతుంది?

కృష్ణాతీరం:
మొదటిది కుర్రాళ్ళ పత్రిక కోసం, రెండోది పెద్దల కోసం అని లండనే, రెండో కథ వేసిన ‘సెంచరీ’ పత్రిక సంపాదకుడికి రాశాడు. ఏ పత్రికకు ఏది కావాలో అది ఇచ్చాడు. దాని మీద తత్త్వం నిలబెట్టకండి.

అలల_వాకిలి:
ఒక్క చిన్న మాట. స్టీఫెన్ క్రేన్ ‘ది ఓపెన్ బోట్’ (1897) కూడా పక్కన పెట్టుకుని చూడండి. ఆ ఏడాది జనవరిలో ఫ్లోరిడా దగ్గర కమడోర్ అనే ఓడ మునిగి, క్రేన్ చిన్న పడవలో బయటపడ్డాడు. కథలో ఆ పడవలో నలుగురు: కెప్టెన్, వంటవాడు, విలేఖరి, ఆయిలర్ (ఓడ యంత్రాలకు నూనె వేసేవాడు). బాగా తెడ్డు వేసేవాడు, ఒళ్ళొంచి పనిచేసేవాడు ఆయిలర్. ఒడ్డు చేరేటప్పుడు చచ్చిపోయింది అతనొక్కడే. అతను ఏ హెచ్చరికా పెడచెవిన పెట్టలేదే! ప్రకృతి తనను లెక్కచేయడం లేదని తెలిసినప్పుడు మనిషికి గుడి మీదకి ఇటుక విసరాలనిపిస్తుందనీ, తీరా చూస్తే గుడీ లేదు, ఇటుకా లేదనీ అందులో ఒక మాట ఉంటుంది. నాకు నాచురలిజం అంతా అక్కడే అర్థమైంది.

నల్లమల_నీడ:
ఇంతసేపూ మీరందరూ ఆ చలిని మనుషులెవరూ లేనిచోట మాట్లాడుతున్నారు. కథ జరిగే క్లోండైక్, యూకాన్‌లోని ఆ బంగారు ప్రాంతం, ఖాళీ నేల కాదు. ట్రోండెక్ హ్వెచిన్ జనం అక్కడ తరతరాలుగా బతికారు. 1896లో బంగారం దొరికిన సంగతిలో కూడా యూకాన్‌లోని టాగిష్ తెగవాడు స్కూకమ్ జిమ్ ఉన్నాడు. బంగారం కోసం జనం విరగబడ్డాక ట్రోండెక్ హ్వెచిన్ వాళ్ళు తమ చోటు వదిలి, చీఫ్ ఐజాక్ వెంట నది దిగువన మూస్‌హైడ్‌కి వెళ్ళిపోవాల్సి వచ్చింది. తరతరాల వాళ్ళకి ఆ చలి ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే కాలం. మొదటి శీతాకాలంలోనే ఒంటరిగా నడిచే కొత్తవాడికి మాత్రం అది విధి. లండన్ కొన్ని కథల్లో అక్కడి జనాన్ని శ్రద్ధగానే చూశాడు. ‘ది లా ఆఫ్ లైఫ్’లో ముసలి కోస్కూష్ అలాంటివాడే. కానీ ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’ నవల చివర్లో యీహాట్లు అనే లేని తెగను కల్పించి, వాళ్ళచేత బక్ అనే కుక్క యజమాని థార్న్‌టన్‌ని చంపించాడు. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది.

అధికారుల సంగతీ చూడండి. ఏడాదికి సరిపడా తిండీ సామానూ లేకపోతే క్లోండైక్ దారిలోని చిల్కూట్ కనుమ దాటనివ్వమని కెనడా మౌంటెడ్ పోలీసులు పట్టుబట్టారు. మనిషికి దాదాపు ఒక టన్ను బరువు. చలి అందర్నీ ఒకేలా చంపేదైతే ఈ నియమంతో పనేముంది?

రేవతి_చదువరి:
నల్లమల గారూ, మీ మాటలో బలముంది. కానీ టన్ను సామానున్నా చెట్టు మీది మంచు జారక మానదు కదా.

నల్లమల_నీడ:
జారుతుంది. పక్కన ఇంకో మనిషి ఉంటే రెండో నిప్పు అతను రాజేస్తాడు. ముసలాయన చెప్పిందీ అదే. కృష్ణాతీరం గారు దాన్ని వినయం గురించిన నీతిగా చదువుతున్నారు. నేను దాన్ని అక్కడ బతికినవాళ్ళు కూడబెట్టుకున్న జ్ఞానంగా చదువుతున్నాను. మనకు నాలుగు వర్షాలు చూసినవాడు వాగు దాటొద్దంటే ఆగుతామే, అలాంటిది. కుక్క బతికింది సహజజ్ఞానం వల్లేనంటారు చాలామంది. ఆఖరి వాక్యం మళ్ళీ చదవండి. అది అడవిలోకి పోలేదు. తిండీ నిప్పూ ఇచ్చే వేరే మనుషులున్న మకాం వైపు పోయింది.

కృష్ణాతీరం:
ఆ వాక్యాన్ని నేను ఇలా చూడలేదు. అయినా ఒక అడ్డు ప్రశ్న. ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’లో హాల్, చార్లెస్, మెర్సిడెస్ అనే కొత్తవాళ్ళు ఒంటరివాళ్ళు కారు, ముగ్గురు. చుట్టూ సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. పద్నాలుగు కుక్కలకి సరిపడే తిండి కుక్కలు లాగే ఒక్క మంచు బండి మీద పట్టదన్న లెక్క కూడా వాళ్ళకి తట్టలేదు. నది మీది మంచు కరుగుతోంది, పోవద్దని థార్న్‌టన్ చెప్పినా వినక బండితో సహా మునిగిపోయారు. ముగ్గురున్నారు, చెప్పేవాడూ ఉన్నాడు. మరి వాళ్ళ చావుకి ఎవర్ని బాధ్యుల్ని చేస్తారు?

నల్లమల_నీడ:
వాళ్ళనే. ఆ మాట చెప్పడానికి నాకు అభ్యంతరమేమీ లేదు. కానీ వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో కూడా లెక్కలోకి తీసుకోండి. పత్రికలు బంగారం బంగారమని ఊదరగొట్టాయి. ఆ మాట నమ్మి దాదాపు లక్షమంది బయల్దేరారని, అందులో సగం మంది కూడా క్లోండైక్ పట్నం డాసన్ చేరలేదని లెక్కలు చెబుతున్నాయి. హాల్ మూర్ఖుడే. అతన్ని అక్కడిదాకా తోలుకొచ్చిన గాలి మాత్రం అతను పుట్టించింది కాదు. రేవతి గారి నాచురలిజం నాకు ఈ చోట కనిపిస్తుంది, చలిలో కాదు.